నా గుర్తు కుండ

బిందె బరువైతే గడప దగ్గర దించుకుంటాం. ఏళ్ల తరబడి నేను మోస్తున్న ఈ బరువు దించడానికి నాకు ఏ గడపా దొరకలేదు. ఇవాళ ఇక్కడ దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రాసేది నేను కాదు. నాకు రాత రాదు. నా పేరు కనిపిస్తే గుర్తుపడతాను, బస్సు మీద అంకెలు చదువుతాను, అంతే. ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో నేను వంట చేసే ఇంటి అమ్మగారు, నేను చెబుతుంటే రాస్తున్నారు. నా మాటలు కొంచెం సరిచేసి రాస్తానన్నారు. మాటలు సరిచేయండమ్మా, నేను చేసిన పని మాత్రం చేసినట్టే రాయండి అన్నాను.

నా పేరు చెబితే ఆమె పేరు కూడా చెప్పినట్టే. మా ఇద్దరిదీ ఒకటే పేరు. కథంతా అక్కడే మొదలైంది.

ఆమెను నేను అక్క అంటాను. ఊళ్లు వేరు, జిల్లా ఒకటే, పాలమూరు. ఒకే మేస్త్రీ వెంట ఢిల్లీకి కూలికి వచ్చాం. ఇద్దరికీ ఒకటే పేరు కాబట్టి పిలవడానికి ఇబ్బందని మేస్త్రీ ఆమెను పెద్ద, నన్ను చిన్న అన్నాడు. ఆ రోజు నుంచి నేను చిన్నదాన్నే. ఇటుకలు మోసినప్పుడూ చిన్నే, పెళ్లాం అయినప్పుడూ చిన్నే, మా ఆయన జ్వరంతో పోయి ముండమోసినప్పుడూ చిన్నే. ఆయన పోయిన రోజు ఆంబులెన్సు దగ్గర్నుంచి కట్టెల దాకా అక్కే చూసింది. తర్వాత నెత్తి మీద తట్ట మోయలేవని చెప్పి, తనే క్వార్టర్ల చుట్టూ తిరిగి తెలుగువాళ్ల ఇళ్లలో నాకు వంటపని కుదిర్చింది. నేను ఇవాళ అన్నం తింటున్నానంటే ఆమె వల్లే. ఇది ముందే చెప్పాలి. తర్వాత చెబితే మీరు నన్ను తిట్టాల్సినంత తిట్టరు.

ఆమె లీడరు ఎలా అయిందో చెప్పనా? నా కళ్లతో చూశాను కదా! మా బస్తీకి నీళ్ల టాంకరు వచ్చేది. వస్తే యుద్ధమే. మగవాళ్లు పైపులు పట్టుకుని టాంకరు ఆగకముందే ఎగబడేవాళ్లు. ఆడవాళ్లం బిందెలతో వెనక నిలబడి చూసేవాళ్లం. ఒక ఎండాకాలం అక్క చీర కుచ్చిళ్లు బొడ్డులో దోపుకుని నిచ్చెన పట్టుకుని టాంకరు పైకెక్కింది. ఎక్కి, మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కూర్చుందంటే కూర్చుంది! పైపు దించడానికి దారి లేదు.

దిగమని డ్రైవరు కింద నుంచి అరిచాడు. "ఉతర్, మద్రాసన్!"

అక్క పైనుంచి, "లైన్ లగావ్! నై తో హమ్ యహీఁ సోతా!" అంది. లైను కట్టకపోతే ఇక్కడే పడుకుంటానని. ఆమె హిందీకి అందరూ నవ్వారు. నవ్వుతూనే లైను కట్టారు. ఆ రోజు నా బిందె నిండా నీళ్లు పట్టాను, మొదటిసారి. ఇంటికి వచ్చేదాకా నా ఒళ్లంతా ఒకటే సంబరం.

తర్వాత ఆమె ఆగలేదు. ఖాళీ బిందెలతో మమ్మల్ని నీళ్ల ఆఫీసుకు తీసుకెళ్లి గరిటెలతో వాయించమంది. ఎంత వాయించామంటే, ఆఫీసరు చెవులు మూసుకుని బయటికొచ్చాడు. మెయిన్ గల్లీ దాకా పైపు లైను పడింది. హిందీవాళ్లు, బీహారు వాళ్లు, అందరూ ఆమెను పానీవాలీ దీదీ, అంటే నీళ్లక్క, అనడం మొదలుపెట్టారు. స్కూల్లో సీటు కావాలన్నా, ఆసుపత్రిలో మంచం కావాలన్నా ఆమె గుమ్మం ముందే చెప్పులు. నన్ను మాత్రం, "రెండో ఆమె, రోటీ చేసే ఆమె" అనేవాళ్లు. రెండో ఆమె!

ఆ ఏడు కార్పొరేషన్ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు ఇచ్చారు. అప్పటి పార్షద్, అంటే మా కౌన్సిలరు, తను నిలబడే వీల్లేక పెళ్లాన్ని నిలబెట్టాడు. పోస్టరులో ఆవిడ ముసుగు కింద ముక్కు మాత్రం కనిపిస్తుంది, ఆయన మీసాలు మాత్రం పెద్దగా. బస్తీ అంతా కలిసి అక్కను ఇండిపెండెంటుగా నిలబెడదాం అనుకున్నారు. గుర్తు బకెట్టే అడుగుదాం అన్నారు. ఎంత హుషారు! పిల్లలు విరిగిన ప్లాస్టిక్ బకెట్లు నెత్తిన బోర్లించుకుని గల్లీల్లో పరుగులు. నేనూ పరిగెత్తాను. అదీ నిజమే.

అప్పుడే తెల్ల కారు భయ్యా వచ్చాడు. పార్షద్ పనులన్నీ చక్కబెట్టే మనిషి. నేను క్వార్టర్ల గేటు దాటి వస్తుంటే కారు ఆపాడు.

"నీ పేరు కూడా అదేనట కదా, దీదీ?" అన్నాడు హిందీలో.

"అయితే?"

"అయితే నువ్వూ నిలబడొచ్చు."

నవ్వొచ్చింది. "నేను గెలుస్తానా, భయ్యా?"

"గెలవక్కర్లేదు. నీ పేరు మెషీన్ మీద ఉంటే చాలు."

అర్థమైంది. అక్కడే, ఆ గేటు దగ్గరే, కారు ఇంజను ఆగకముందే అర్థమైంది. ఒకటే పేరు రెండు చోట్ల ఉంటే చదువురాని వాళ్లు, కళ్లు కనిపించని ముసలివాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు ఏది నొక్కుతారో వాళ్లకే తెలియదు. ఆ పోయే ఓట్లన్నీ అక్కవే. ఇది తెలియడానికి చదువు కావాలా?

డబ్బిచ్చాడా అని మీరడుగుతారు. ఇవ్వలేదు. ఇస్తానని కూడా అనలేదు. బెదిరించాడా? లేదు. ఇచ్చి ఉంటే బాగుండేది, పేదరికం అనేదాన్ని. బెదిరించి ఉంటే భయం అనేదాన్ని. ఏమీ లేకుండా నేను సరే అన్నాను. ఎందుకన్నానని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. అక్క మీద కోపమా? ఆమె నాకేం చేసిందని కోపం? ఈర్ష్యా? అది ఉంది. కానీ అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. ఆ మనిషి నన్ను దీదీ అన్నాడు. నా పేరు పెట్టి మాట్లాడాడు. నా పేరు మెషీన్ మీద ఉంటుందన్నాడు. నా ఒళ్లు ఝల్లుమంది.

ఫోటో దిగేటప్పుడు కొంగు తల మీదికి లాక్కుని, అంచు ఎడమ చెవి వెనక్కి దోపుకున్నాను. అక్క అలాగే దోపుకుంటుంది. భయ్యా చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది. అమ్మగారూ, ఇది తప్పకుండా రాయండి.

ఆఫీసులో నాకు కుర్చీ వేశారు. ఢిల్లీలో అన్నేళ్లు ఉన్నా ఏ ఆఫీసులోనూ నన్ను ఎవరూ కూర్చోమనలేదు. కళ్లద్దాల సారు ఏదో చదివాడు, ఆయన వెనకే నేనూ అన్నాను. ప్రమాణం అని తెలుసు. బొమ్మల్లో గుర్తు ఎంచుకోమన్నారు. బకెట్టుకు దగ్గరగా ఉండేది తీసుకోమని భయ్యా ముందే చెవిలో ఊదాడు. కుండ తీసుకున్నాను. వేలిముద్ర వేశాను. బయట ఎవరో "ఉమ్మీద్‌వార్ కిధర్ హై?" అని అరిస్తే భయ్యా నన్ను చూపించాడు. ఉమ్మీద్‌వార్ అంటే ఎన్నికల్లో నిలబడ్డ మనిషి. అంటే నేనే! ఇంటికి నడిచి వస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు.

నిలబడ్డవాళ్ల పేర్లు బయటపెట్టిన రోజే అక్కకు తెలిసింది. చీకటి పడకముందే మా ఇంటికొచ్చింది. ఒక్కతే వచ్చింది, వెంట వస్తున్న వాళ్లను గల్లీ మొదట్లోనే ఆపేసి.

"ఏం జేసినవే, చెల్లే?"

నేను ఏడ్చాను. ఏడుపు నిజంది, భయంతో వచ్చింది. మాటలే అబద్ధం. "నాకేం ఎర్క అక్కా! మొగడు లేనోళ్లకు పింఛను ఇప్పిస్తమన్నరు. ఏలుముద్ర ఎయ్యమంటే ఏసిన."

"ఆఫీసుల ఏమన్నరు?"

"ఏందో హిందీల చదివిన్రు. నన్ను గూడ అనమన్నరు. అన్న."

"ఓ పిచ్చి మొద్దూ! గది ప్రమాణం గదనే!" అని నుదురు కొట్టుకుని గడపలో కూలబడింది. తర్వాత, మీరు నమ్మరు, నవ్వింది. "దొంగలు. నీళ్లు దొంగతనం జేస్తరని తెల్సు. పేరు గూడ చేస్తరనుకోలే." నా చెంపలు తుడిచింది. "ఏడ్వకు. రేపు మూడింటి దాక టైమున్నది. పొద్దుగాల ఇద్దరం పోయి వాపస్ తీసుకుందం. అయిపాయె. అన్నం తిన్నవా?"

తినలేదన్నాను. తన ఇంటి నుంచి అన్నం, పచ్చిపులుసు పంపింది. తిన్నాను. అది తింటూ కూడా నేను మనసు మార్చుకోలేదు. ఎలాంటి దాన్ని నేను?

తెల్లారి ఆమె రాకముందే ఇంటికి తాళం వేసి బస్సెక్కాను. గ్రీన్ పార్కులో మెట్రో ఎక్కాను. ఎటు పోవాలో తెలియదు. మూడు దాటాలి, అంతే నాకు తెలిసింది. గుడ్‌గావ్ చివర దాకా పోయి, ఎదురుగా ఉన్న బండెక్కి మళ్లీ ఇటు వచ్చి, ఆ చివర బాద్లీ దాకా పోయి, మళ్లీ వెనక్కి. నేల కింద పోతుంది, ఉన్నట్టుండి వెలుతురులోకి లేస్తుంది, మేడల మీదుగా పోతుంది. ఎప్పుడూ పనికి పోవడానికో బంధువులను దింపడానికో తప్ప ఊరికే ఎక్కలేదు. ఊరికే తిరిగాను ఆ రోజు, రాణిలాగా!

ముఖర్జీ నగర్ వైపు నుంచి వచ్చే చదువుకునే పిల్లలు యూనివర్సిటీ దగ్గర ఎక్కారు. తెలుగు పిల్లలు. ఒకమ్మాయి లేచి, "ఆంటీ, కూర్చోండి" అంది.

ఉండబట్టలేకపోయాను. "నేను ఎలక్షన్ల నిలబడ్డ బిడ్డా" అన్నాను.

"నిజంగానా ఆంటీ! ఏ గుర్తు?"

"కుండ."

"అరే, మన తెలుగు ఆంటీ క్యాండిడేట్ అంటరా!" అని పక్కవాళ్లను పిలిచింది. అందరూ నా చుట్టూ చేరి సెల్ఫీ దిగారు. "గెలిస్తే మా పీజీలో నీళ్లు రావట్లేదు, చూడాలి ఆంటీ" అని ఒకబ్బాయి అంటే, "ఠీక్ హై, చూస్త" అన్నాను. చూస్తానన్నాను! అటు తాళం వేసిన నా తలుపు ముందు అక్క నిలబడి ఉంటుంది, నాకు తెలుసు. ఇటు నేను నవ్వుతూ ఫోనులోకి చూస్తున్నాను. మీతో అబద్ధమెందుకు, నా బతుకులో అంత సంతోషం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. తప్పు చేశానని చెప్పడం కన్నా ఈ మాట చెప్పడమే నాకు కష్టంగా ఉంది.

మూడు దాటాక దిగాను. బయటికి వచ్చేచోట గేటు తెరుచుకోలేదు. లోపల చాలాసేపు ఉన్నావు, జరిమానా కట్టు అన్నారు కౌంటరులో. కట్టాను. ఇన్నేళ్లలో ఆ రోజుకు నేను కట్టిన జరిమానా అదొక్కటే.

అక్కతో ఇంకో అబద్ధం. భయ్యా మనుషులు పొద్దున్నే వచ్చి కారులో ఎక్కించుకుపోయి గదిలో పెట్టి తాళం వేశారన్నాను. ఆమె చెప్పు తీసి పార్షద్ ఇంటి మీదికి పోబోయింది. పోలీసు కేసు పెడదామంది. నేను కాళ్లు పట్టుకున్నాను. నన్ను బతకనివ్వరు అక్కా, వద్దు అన్నాను. నా కోసం మానుకుంది.

ఇక చూడండి ఆమె పరుగు! గుమ్మం గుమ్మానికి పోయి, "పేరు జూడకున్రి, బకెట్ జూడున్రి! కుండ గాదు, బకెట్!" అని గొంతు పోయేదాకా చెప్పింది. నేనూ వెంట తిరిగాను. నా మీద జాలితో కూడా కొందరు బకెట్టుకు ఓటేస్తారని ఆమే నన్ను వెంట తిప్పింది.

ఓటు రోజు పరదా వెనక ఒక్కదాన్నే ఉన్నాను. మెషీన్ మీద నా పేరు. దాని పక్కన కొంగు చెవి వెనక్కి దోపుకున్న నా మొహం. పక్కన కుండ. పైన ఇంకో చోట అదే పేరు, బకెట్. నా ఒక్క ఓటుతో ఏం మారుతుంది? ఏమీ మారదు. ఎవరూ చూడరు. అయినా కుండ మీదే నొక్కాను. మెషీన్ కూత పెట్టింది. ఆ కూతకు నా గుండె ఎగిరింది.

అక్క ఓడిపోయింది. నాకు పడిన ఓట్లలో సగం ఆమెకు పడినా గెలిచేది. ఆ సాయంత్రం జనం నా ఇంటి మీదికొచ్చారు. అక్క నా గుమ్మానికి అడ్డంగా నిలబడింది, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో. "దాని మీద చెయ్యేస్తే నా మీద ఏసినట్టే. సదువు రాదు, మొగడు లేడు. గసొంటిదాని మీద పడ్తరా? సిగ్గులేదా?" అంది. జనం తలలు దించుకుని పోయారు. నేను లోపల గోడకు ఆనుకుని వింటున్నాను. వింటూ ఏమనుకున్నానో తెలుసా? నాకు ఓటేసిన వాళ్లలో ఒక్కరైనా నాకే వేద్దామని వేసి ఉంటారా అనుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను.

మెయిన్ గల్లీ దాకా వచ్చిన పైపు అక్కడే ఆగిపోయింది. లోపలి గల్లీలకు ఇప్పటికీ టాంకరే. గెలిచినావిడ మళ్లీ కనిపించలేదు, ఆయన మీసాలే తిరిగాయి. అక్క ఆఫీసులకు పోతే, "నీకేం పదవుంది?" అని అడగడం మొదలుపెట్టారు. గెలిస్తే కుర్చీలో కూర్చుని చేయించే పనులు, ఓడిపోయి గుమ్మాల దగ్గర నిలబడి చేయించింది. మధ్యలో ఒకసారి ఎన్నికలు వచ్చాయి, అప్పటికి మా గల్లీలను వేరే వార్డులో కలిపారు, ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె జుట్టు తెల్లబడింది. మోకాళ్లు పోయాయి. ఇప్పుడిక టాంకరు ఎక్కలేదు.

మళ్లీ ఎన్నికలు రాబోతున్నాయి. మా వార్డు ఈసారి ఆడవాళ్లకేనని అంటున్నారు. అక్క కళ్లల్లో మళ్లీ ఆ వెలుగు. గల్లీ మీటింగులు పెడుతోంది. ప్రతి మీటింగులో తను మాట్లాడే ముందు నన్ను నిలబెట్టి మైకిస్తుంది. నన్ను ఎలా మోసం చేశారో, పింఛనని చెప్పి ఎలా వేలిముద్ర వేయించుకున్నారో, గదిలో ఎలా బంధించారో చెప్పమంటుంది.

చెబుతున్నాను. బాగా చెబుతున్నాను! మొదట గది ఉండేది, తర్వాత గదికి కిటికీ లేకుండా పోయింది, తర్వాత తాగడానికి నీళ్లు కూడా ఇవ్వలేదు. ఆడవాళ్లు ఏడుస్తారు. చప్పట్లు కొడతారు. "నీ మాటకే ఓట్లు పడ్తయే" అంటుంది అక్క. నిజం చెబితే ఆమెకే నష్టం కదా, అందుకే ఊరుకున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. మైకు నా చేతిలో ఉంటే నాకు బాగుంటుంది. ఆ రోజు కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది.

పోయిన మీటింగు అయ్యాక ఒక పిల్ల నా దగ్గరికొచ్చింది. చిన్న వయసు, భర్త పోయి ఏడాది కాలేదు, చంకలో బిడ్డ. "పెద్దమ్మా, నువ్వు చెప్పబట్టి బతికిన. పింఛను ఆఫీసు నుంచి మేడం వచ్చి ఏలుముద్ర ఎయ్యమంది. నేను ఎయ్యలే. తలుపేసుకున్న" అంది గర్వంగా. ఆ పింఛను అసలైనదే. అదే మేడం మా గల్లీలో ఇంకో ఇద్దరికి ఇప్పించింది. ఆ పిల్ల నా చేయి పట్టుకుని ఊపుతోంది. మరునాడు ఆ పిల్లను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. నేను పక్కన కూర్చుని ఎంత చెప్పినా వేలు ముందుకు చాపదే! "నిన్ను గూడ ఇట్లనే అన్నరు గద, పెద్దమ్మా" అంటుంది. ఉత్త చేతులతో తిరిగొచ్చాం. నేను నిజం చెబితే తప్ప ఆ పిల్ల వేలిముద్ర వేయదు.

అందుకని చెబుతున్నాను. నన్ను ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ బంధించలేదు. నాకు అన్నీ తెలుసు. తెలిసే నిలబడ్డాను, తెలిసే పారిపోయాను, తెలిసే నా గుర్తు మీద నొక్కాను. చదువు రాకపోవడాన్ని, మొగుడు లేకపోవడాన్ని అడ్డం పెట్టుకుని దాక్కున్నాను.

అమ్మగారి పెన్ను ఆగింది. నా మొహం చూశారు, మళ్లీ రాస్తున్నారు. నేను క్షమించమని అడగడం లేదు. మిమ్మల్ని అడగడం ఎందుకు, మీకేం చేశానని? కానీ చెప్పాను కదా. నోటితో చెప్పాను. ఊపిరి కింద దాకా పోతోంది.

కింద ఆటో వచ్చింది. ఇవాళ సాయంత్రం పెద్ద మీటింగు. అక్కకు టికెట్ ఇస్తామంటున్న పార్టీ వాళ్లు నా మాట వినడానికి వస్తున్నారు. నన్ను తీసుకుపోవడానికి అక్కే వచ్చింది. మెట్లెక్కుతూ ఆగి ఆగి రొప్పుతోంది, ఇక్కడికే వినిపిస్తోంది.

"ఏందే, ఇంక తయారు గాలే? లేటైతుంది!"

"లోపలికి రా, అక్కా. ఒక మాటున్నది."

"తొవ్వల చెప్పరాదూ?"

"తొవ్వల చెప్పేది గాదు. నువ్వు గూసోవాలె."

"మైకువాడు ఎదురుచూస్తుండే, పిచ్చిదానా..." అంటూనే గుమ్మం బయట చెప్పులు విడుస్తోంది. అమ్మగారు కుర్చీ జరిపారు. ఇక రాయకండమ్మా. మిగతాది ఆమెకు చెప్పాలి.